గూటి మీద రంగు పట్టీలు: గోడ చిమ్మట ప్రాజెక్టు డైరీ

అసలు ప్రశ్న

తేమగా ఉండే గోడల మీద, తలుపుల వెనక, అల్మరాల కింద బూడిద రంగులో, దోసగింజ ఆకారంలో ఉండి మెల్లగా పాకే గూళ్లను చాలామంది చూసే ఉంటారు. చూసినవాళ్లలో ఎక్కువమంది చీపురుతో ఊడ్చి పారేసేవాళ్లే. లోపల ఉన్నది ఒక చిన్న చిమ్మట లార్వా. గూడు కట్టుకున్న దగ్గర్నుంచి రెక్కలొచ్చేదాకా దాని బతుకంతా అందులోనే. లార్వా పెరుగుతుంది సరే, దాంతోపాటు గూడు కూడా పెరగాలి కదా? ఆ కొత్త ఇసుక ఎక్కడ చేరుతుంది? చివర్లలోనా, నడుం దగ్గరా, లేక పాత గూడు వదిలేసి కొత్తది కట్టుకుంటుందా? ఈ ప్రాజెక్టు మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తోంది.

రంగు ఇసుక ఇచ్చి చూస్తే తేలిపోతుందన్నది నా ప్లాను. నిజానికి ఈ పద్ధతి నాది కాదు, దాదాపు 300 ఏళ్ల కిందటిది. రియోమూర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త (1683–1757) ఊలు బట్టలు కొట్టే చిమ్మట లార్వాలను ఒక రంగు బట్ట మీద నుంచి ఇంకో రంగు బట్ట మీదకి మారుస్తూ పోయాడు. వాటి గూళ్ల మీద ఏ రంగు ఎప్పుడు చేరిందో చూసి లెక్క తేల్చాడు. పొడవు కావాలంటే చివర్లకు కలుపుతుంది, వెడల్పు కావాలంటే పక్కన నిలువునా కోసి సందులో కొత్త పట్టీ అతుకుతుంది అని.

ఆయన పురుగుకీ నా పురుగుకీ ఒక తేడా ఉంది, అదే నాకు కలిసొచ్చింది. ఆయన పురుగు ఏ ఊలు తింటుందో ఆ ఊలుతోనే గూడు కడుతుంది. నా పురుగు తినేది ఒకటి, కట్టేది ఇంకొకటి. తినేది ఎక్కువగా బూజు (అంటే పాత సాలెగూళ్లు), వెంట్రుకలు లాంటివి. గూటికి వాడేది ఇసుక నలకలు, సున్నం రజను, పురుగుల రెట్టలు, చచ్చిన పురుగుల ముక్కలు. కాబట్టి తిండి జోలికి పోకుండా సామాను రంగు మాత్రం మార్చవచ్చు.

పేరు సంగతి

ఇది టినియిడే కుటుంబం. ఊలు బట్టల చిమ్మటలు కూడా ఈ కుటుంబానివే. ప్రజాతి ఫెరియోయెకా. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు. జాతి దగ్గరకొచ్చేసరికి టెన్షన్ మొదలవుతుంది. ఇళ్లలో కనిపించే ఈ గూళ్లకు రెండు పేర్లు వినిపిస్తుంటాయి. 1892లో రెబెల్ వర్ణించిన ఆల్యూటెల్లా ఒకటి, 1897లో వాల్సింగ్‌హామ్ వర్ణించిన యుటెరెల్లా ఇంకొకటి. మొదటిది కానరీ దీవులు, సియెరా లియోన్, సీషెల్స్, శ్రీలంక, ఇండియా, జావా, సమోవా, హవాయి, పనామాల నుంచి నమోదైంది. రెండోది అమెరికాలో ఫ్లోరిడా, లూసియానాల నుంచి, దక్షిణ అమెరికాలో బ్రెజిల్, గయానాల నుంచి. గూడు చూసి వీటిని విడదీయడం కుదరదు. చిమ్మట జననాంగాలను విప్పి మైక్రోస్కోపు కింద చూస్తేగానీ గట్టిగా చెప్పలేం. నాకా సామగ్రి లేదు. ఈ డైరీలో ప్రజాతి పేరుతోనే సరిపెడుతున్నాను. ఫోటో చూసి ఠక్కున జాతి పేరు చెప్పేసేవాళ్లను నేనైతే నమ్మను.

గూళ్లు ఏరడం

వెతకాల్సింది గోడ మధ్యలో కాదు. గోడా నేలా కలిసే మూల, మెట్ల కింది భాగం, చాన్నాళ్లుగా కదపని బీరువా వెనక, స్నానాల గది కిటికీ పక్కన. ఒక్క మాటలో చెప్పాలంటే తేమ, నీడ, పాత సాలెగూళ్లు, ఈ మూడూ కలిసిన చోటు. సాలెగూడు లేని మూలల్లో నాకు ఒక్కటి కూడా దొరకలేదు. ఎండ పడే గోడ మీద దొరికినవన్నీ ఖాళీ గూళ్లే.

బలవంతంగా పీకకూడదు. కదులుతున్న గూటిని మెత్తటి బ్రష్షుతో పక్కనుంచి తోస్తే లార్వా పట్టు వదిలేసి లోపలికి పోతుంది, గూడు కాగితం మీద పడుతుంది. గోడకు రెండు చివర్లా అతుక్కుని ఉన్నవాటిని వదిలేశాను, అవి ప్యూపా దశకు వెళ్లిపోయినవి.

పూర్తిగా పెరిగిన గూడు 8 నుంచి 14 మిల్లీమీటర్ల పొడవు, 3 నుంచి 5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. లోపలి లార్వా 7 మిల్లీమీటర్లు. నాకు కావలసింది ఇంకా పెరగాల్సినవి కాబట్టి 5, 6 మిల్లీమీటర్ల గూళ్లే ఏరుకున్నాను. వాటిని ఒక్కో పెట్టెలో ఒక్కటిగా పెట్టాను. రెండు కలిపి పెడితే ఒకదాని గూటిని ఇంకొకటి కొరికే అవకాశం ఉంది, ఎందుకంటే తమ జాతి పాత గూళ్లను తినడం వీటికి అలవాటే.

పెట్టెల ఏర్పాటు

మూత ఉన్న పలచటి ప్లాస్టిక్ పెట్టెలు. మూతకు చిల్లు పెట్టి సన్నటి నైలాన్ జాలీ అతికించాను. అడుగున గరుకు అట్టముక్క, ఒక పక్కన నిలబెట్టిన ఇంకో అట్టముక్క. సీసా మూతలో తడి దూది. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి. గాలిలో తేమ బాగా ఉంటేనే వీటి బతుకు, అందుకే 80 శాతం చుట్టుపక్కల ఉంచుదామని నిర్ణయం.

ఇసుక పనే ఎక్కువ టైం తినేసింది. చేపల తొట్టెలో వేసే రంగు ఇసుక తీసుకుని ముందు వేడినీళ్లలో నానబెట్టి రంగు దిగుతుందేమో చూశాను. ఎరుపు కొంచెం దిగింది, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగాను. తర్వాత రాయి మీద నూరి పలచటి గుడ్డలో జల్లించాను. పైన మిగిలినది పారేసి, కిందకు దిగిన నలకలు మాత్రం వాడాను. రంగుల వరస ఇది: ముందు నీలం, తర్వాత ఎరుపు, ఆఖర్న పసుపు. ఒక పెట్టెకు రంగు లేకుండా మామూలు ఇసుకే ఇచ్చాను, పోల్చుకోవడానికి.

తిండి కోసం బూజు కర్రకు చుట్టుకున్న బూజంతా సీసాలో దాచడం మొదలుపెట్టాను. అమ్మ చూసి, "బూజు దులపరా అంటే మూటగట్టి దాచుకుంటున్నావేంట్రా?" అంది. జవాబు చెప్పలేక నవ్వేసి ఊరుకున్నాను.

తిండి పరీక్ష

ప్రాజెక్టులో ఇది పక్కదారే. కానీ మనసు ఊరుకోలేదు. ఈ లార్వాలు ఏం తింటాయన్న దాని మీద పాత పరిశీలనలు ఒకదానితో ఒకటి పొసగవు. 1933లో కీ అనే పరిశోధకుడు రాసిన దాని ప్రకారం ఇవి ఎండిన పురుగులను ముట్టలేదు, నూలును ముట్టలేదు. ఊలు దారాలు, ఊలు బట్ట బాగా తిన్నాయి, పాత సాలెగూళ్లయితే విపరీతంగా తిన్నాయి. 1979లో ఆనెట్ అయెల్లో అనే పరిశోధకురాలు మాత్రం ఆల్యూటెల్లా లార్వాలను చచ్చిన దోమలతోనూ తన సొంత జుట్టుతోనూ పెంచింది.

నేను ఒక పెట్టెలో బూజు, తెల్ల ఊలు దారం, నూలు దారం, నా వెంట్రుకలు, చచ్చిన దోమలు వరసగా పెట్టాను. నూలు దారం ఎలా పెట్టింది అలాగే ఉంది. బూజు ముందు అయిపోయింది. ఊలు దారం అక్కడక్కడ కొరికినట్టు సన్నబడింది. దోమల్లో కాళ్లూ రెక్కలూ మిగిలాయి, పొట్ట భాగం మాయమైంది. తిన్నదో గూటికి వాడుకుందో అని లెన్సుతో గూడంతా వెతికాను, దోమ కాలు ఒక్కటి మాత్రం గూటి పైభాగాన అడ్డంగా అతికి ఉంది. వెంట్రుకలు కొరికిన గుర్తులు నాకు కనిపించలేదు. మిగతావి దొరుకుతుంటే వాటి జోలికి పోలేదేమో.

ఇక బూజే ప్రధానాహారం అని తీర్మానించుకున్నాను. రంగు లేనిది కాబట్టి లెక్కలో గందరగోళం ఉండదు.

నడక

పెట్టె మూత తీసి కాసేపు కదలకుండా కూర్చుంటే గూటి ఒక చివర సన్నటి సందు తెరుచుకుంటుంది. ముందు ముదురు గోధుమ రంగు తల వస్తుంది. వెనకే ఛాతీ మూడు ఖండాలు, వాటి మీద గట్టి గోధుమ పలకలు, మూడు జతల కాళ్లు. అక్కడితో ఆగిపోతుంది. వెనక ఉన్న తెల్లటి మెత్తటి ఒళ్లు ఎప్పుడూ బయటకు రాదు. బయట కనిపించే ఆ ముందుభాగమే గట్టిపడి ఉంది, లోపలుండేది గట్టిపడాల్సిన అవసరమే రాలేదు. గూటిని పొట్టకు చర్మంగా లెక్కేస్తే ఈ పురుగు ఆకారం సరిగ్గా అర్థమవుతుంది.

నడవడం అంటే ముందుకు సాగడం, ఆరు కాళ్లతో అట్టను పట్టుకోవడం, గూటిని లాక్కోవడం. పొట్ట కింద మెత్తటి కాళ్లుంటాయి. ఒక్కో దాని చివర 20కి పైగా సన్నటి కొక్కేలు. గూటి లోపలంతా పట్టు అస్తరు. ఆ కొక్కేలు ఆ పట్టులో దిగి ఉంటాయి, అందుకే తల పట్టుకుని లాగినా లార్వా ఊడి రాదు.

బ్రష్షు కొసతో తలను తాకితే లోపలికి పోతుంది, చదునైన అంచులు దగ్గరకు వచ్చి సందు మూసుకుపోతుంది. కాసేపటికి అవతలి చివర తెరుచుకుని అక్కడ తల కనిపిస్తుంది! గూడు రెండు వైపులా తెరిచే ఉంటుంది, నడుం దగ్గర వెడల్పుగా ఉంటుంది కాబట్టి లోపలే ఒళ్లు మడిచి వెనక్కి తిరగగలదు. ముందూ వెనకా అనే తేడా గూటికి లేదు. నా నోట్సులో మాత్రం గుర్తు కోసం ఒక చివరకు "క", రెండో చివరకు "ఖ" అని పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ గుర్తు కోసం గూటి మీద పెన్నుతో చుక్క పెడదామని చూస్తే ఇంకు పీల్చుకుని పాకిపోయేలా ఉంది. చివరికి గూటి మీద సహజంగా ఉన్న పెద్ద నలకనే గుర్తుగా పెట్టుకున్నాను, ఫోటోలో తేలిగ్గా దొరుకుతుంది.

నీలం

కొన్నాళ్లపాటు ఏమీ జరగలేదు. తిండి తింటున్నాయి, రెట్టలు పడుతున్నాయి, నీలం ఇసుక మీదుగా నడుస్తున్నాయి, కట్టడం మాత్రం లేదు. తర్వాత ఒక గూడు పూర్తిగా కదలడం మానేసింది. చచ్చిందనే అనుకున్నాను. మూడు, నాలుగు రోజులకు మళ్లీ కదిలింది. ఆ చివర నుంచి బయటకు ఎండిన చిన్న తలపొట్టు వచ్చి పడింది. కుబుసం విడిచిందన్నమాట. ఆ రాత్రే "క" చివర నీలం నలకలు కనిపించాయి.

అంటే కుబుసం విడిచినప్పుడల్లా ఇల్లు పెంచుకుంటుంది. రికార్డుల్లో ఉన్నది కూడా ఇదే. ఈ లార్వాకు ఆరేడు దశలు ఉంటాయి, పెరుగుదల పూర్తవడానికి కనీసం 50 రోజులు పడుతుంది. నేను చేయాల్సింది దశ మారే సమయానికి ఇసుక రంగు మార్చి పెట్టడం.

కట్టేటప్పుడు చూడడానికి ఫోనుకు క్లిప్ లెన్సు పెట్టి వీడియో తీశాను. తల బయటపెట్టి నేల మీద అటూ ఇటూ తడుముతుంది. ఒక నలకను దవడలతో ఎత్తుతుంది, ముందు కాళ్లతో తిప్పి చూస్తుంది. కొన్నింటిని పడేస్తుంది. నచ్చినదాన్ని గూటి అంచుకు ఆనించి, తలను ఇరుపక్కలకూ ఊపుతూ పట్టు పోగులతో కట్టేస్తుంది. పోగులు లోపలి వైపే పడతాయి, నలక బయటి వైపు నిలుస్తుంది. ఒక్కో నలకకు పట్టే సమయం తక్కువేం కాదు. మరీ పెద్ద నలకలు, గుడ్డలోంచి ఎలాగో జారిపడ్డవి, ఒక్కటి కూడా వాడలేదు.

మర్నాటికి "ఖ" చివర కూడా నీలం కనిపించింది. రెండు చివర్లకూ కలుపుతోంది. అయితే రెండు పట్టీలూ సమానంగా లేవు. "క" వైపు వెడల్పైన పట్టీ, "ఖ" వైపు అరకొర గీత. మిగతా గూళ్లలో కూడా ఇదే పరిస్థితి, ఒక చివర ఎక్కువ, ఇంకో చివర తక్కువ. ఏ చివర ఎక్కువగా తల బయట పెడుతుందో ఆ చివరే ఎక్కువ పెరుగుతోందని నా అనుమానం.

చీమలు

రాత్రికి రాత్రి ఒక పెట్టెలోకి చిన్న నల్లచీమలు చొరబడ్డాయి. దోమల వాసన పట్టి ఉంటాయి. జాలీ అంచు ఒక చోట ఊడింది. దోమలన్నీ పట్టుకుపోయాయి. గూడు మాత్రం గట్టిగా మూసుకుని చెక్కుచెదరకుండా ఉంది. రెండు చీమలు సందు దగ్గర తచ్చాడి వెనక్కి పోవడం చూశాను. బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాను, ఆ తర్వాత చీమల బెడద లేదు.

ఎరుపు, పసుపు

ఎరుపు ఇసుక ఇచ్చాక ఫలితం ఇంకా తేటగా వచ్చింది. నీలం పట్టీకి బయటి వైపున ఎరుపు పట్టీ. కాబట్టి పొడవు విషయంలో జవాబు ఖాయం. పాత భాగం నడుం దగ్గర ఉండిపోతుంది, కొత్తది చివర్లలో చేరుతుంది. గూటిలో అన్నిటికంటే పాత ఇసుక మధ్యలో ఉంటుంది. పాత గూడు వదిలేసినది ఒక్కటీ లేదు.

మరి వెడల్పు? మధ్యలో వెడల్పు పెరగకపోతే పెద్దయ్యాక లోపల తిరగడం కష్టం. కానీ అక్కడున్నది పాత ఇసుక. ఇదే నన్ను చాలా రోజులు వేధించింది. గూటిని పై నుంచి ఫోటో తీస్తే ఏమీ కనిపించేది కాదు. పక్కకు తిప్పి అంచు మీద వెలుతురు పడేలా పెట్టి చూశాను. అప్పుడు ఒక గూటి అంచు వెంట, నడుం దగ్గర, నీలం కాని, ఎరుపు కాని లేని బూడిద రంగు మధ్యలో సన్నగా ఎర్ర నలకల వరస కనిపించింది. పసుపు ఇచ్చాక ఇంకో గూట్లో అదే చోట పసుపు వరస. రెండు అంచులకూ ఉంది. రియోమూర్ తన ఊలు పురుగులో చూసిన పద్ధతే ఇది, పక్కన కోసి సందులో అతకడం. కోస్తుండగా చూడలేకపోయాను, కోతకు గుర్తుగా మిగిలిన అతుకు మాత్రమే నా దగ్గరుంది. గూడు చదునుగా, రెండు అంచులతో ఉండడానికి ఈ అతుకులే కారణమా అని ఇప్పుడు ఆలోచిస్తున్నాను. గుండ్రటి గొట్టాన్ని రెండు పక్కలా తెరిచి పట్టీలు వేస్తూ పోతే అది చదునుగానే వస్తుంది మరి.

మామూలు ఇసుక పెట్టెలోని గూడు కూడా మిగతావాటంతే పెరిగింది, కాబట్టి రంగు వాటికి హాని చేయలేదనే అనుకుంటున్నాను.

తేమ తగ్గిన వారం

వాతావరణం పొడిబారింది. తడి దూది పెట్టినా మీటరు 50 దగ్గరే ఆడింది. గూళ్లన్నీ మూసుకుని అట్టకు అంటుకుపోయాయి, తిండి అలాగే మిగిలింది. దూది రెట్టింపు చేసి జాలీ మీద సగం మేర టేపు వేశాక మళ్లీ తిరగడం మొదలుపెట్టాయి, కానీ బూజు మీద తెల్లటి ఫంగస్ వచ్చింది. రోజు విడిచి రోజు పాత బూజు తీసి కొత్తది వేయడం తప్ప దీనికి వేరే మార్గం కనిపించలేదు. ఈ పురుగు ఇంట్లో ఎక్కువైందని బాధపడేవాళ్లకు ఇందులోనే ఉపాయం ఉంది. బూజు దులిపి, ఆ మూలకు గాలి ఆడేలా చేస్తే మందు కొట్టాల్సిన పనే ఉండదు.

కందిరీగ

ఒక గూడు ఎరుపు దశ దాకా బాగానే ఉండి తర్వాత కదలడం మానేసింది. ఈసారి కుబుసం కోసం ఎదురుచూశాను. గూటి చివర నుంచి బయటపడింది మాత్రం రెండు మిల్లీమీటర్ల నల్లటి కందిరీగ. ఆ కందిరీగ నా లార్వా ఒంటి లోపలే పెరిగి దాన్ని తినేసిందన్నమాట. ఈ చిమ్మట మీద బ్రాకోనిడే కుటుంబపు అపాంటెలెస్ కార్పటస్ అనే కందిరీగ పరాన్నజీవిగా బతుకుతుందని ముందే రికార్డు ఉంది. నాది అదేనా అన్నది ఫోటోతో తేలే సంగతి కాదు. నా పెట్టెలోకి అది రాలేదు, నేను గూడు ఏరుకొచ్చేనాటికే లోపల గుడ్డు పడి ఉండాలి.

గూడు విప్పి చూశాను. లోపలి పట్టు అస్తరు తెల్లగా, శుభ్రంగా ఉంది. అందులో లార్వా తలపొట్టూ ముడుచుకుపోయిన తోలూ మిగిలాయి. బయట ఎన్ని రంగులు కనిపించినా లోపల వైపు ఒక్క నలక కూడా పొడుచుకు రాలేదు. విప్పడం వల్ల ఇంకో లాభం, గోడ మందం తెలిసింది. నడుం దగ్గర మందంగా, చివర్లలో కాగితమంత పలచగా. చివర్లు మూసుకోవాలంటే పలచగానే ఉండాలి.

గోడెక్కడం

పసుపు పట్టీలు పడ్డవాటిలో మొదటిది నిలబెట్టిన అట్ట మీదకెక్కి ఆగింది. రెండు చివర్లనూ పట్టుతో అట్టకు కట్టేసింది. కట్టే ముందు ఒక చివర రెండు అంచులూ కొద్దిగా కోసింది. దాంతో ఆ చివర మరింత చదునై, లోపల నుంచి తోస్తే తెరుచుకునేలా, బయట నుంచి మూసుకునే ఉండేలా తయారైంది. ఇది నేను లెన్సుతో చూడగలిగాను. లార్వా దశలో చివరి పని ఇదే. చిమ్మటకు కొరికే దవడలు ఉండవు కాబట్టి బయటకు వెళ్లే దారి ముందే సిద్ధం చేసి పెట్టాలి.

ప్యూపా దశ 11 నుంచి 23 రోజులు పడుతుందని, సగటున 15.6 రోజులని లెక్కలున్నాయి. నావి ఆ హద్దుల్లోనే ఉన్నాయి. చిమ్మటలు సాధారణంగా మిట్టమధ్యాహ్నం వేళ బయటపడతాయి. అందుకే ఆ రోజుల్లో మధ్యాహ్నం భోజనం పెట్టెల పక్కనే.

రెక్కలు

వచ్చేటప్పుడు ప్యూపా పొట్టు ఆ కోసిన చివరలోంచి సగం దాకా బయటకు జరిగింది. చిమ్మట అందులోంచి జారి పక్కకు నడిచి నిలబడింది. పొట్టు అక్కడే వేలాడుతూ ఉండిపోయింది. గోడల మీద గూటికి ఒక చివర అలాంటి పొట్టు కనిపిస్తే ఇంట్లోంచి చిమ్మట వెళ్లిపోయినట్టే.

మొదట వచ్చింది ఆడది. పరిచిన రెక్కల కొలత 12 మిల్లీమీటర్లు. రికార్డుల్లో ఆడవి 10 నుంచి 13, మగవి 7 నుంచి 9. రంగు బూడిద. ముందు రెక్కల మీద ముదురు మచ్చలు, ఒక్కో రెక్కకు నాలుగు దాకా ఉండవచ్చు. నా దాంట్లో మూడే స్పష్టంగా ఉన్నాయి, నాలుగోది పొలుసులు రాలి మసకబారింది. వెనక రెక్కల వెనక అంచుకు లేత బూడిద రంగులో వెంట్రుకల్లాంటి పొడవాటి పొలుసులు కుచ్చుగా ఉన్నాయి. తల మీద దట్టమైన గరుకు వెంట్రుకలు, నూనె రాయని జుట్టులా రేగి ఉన్నాయి. మీసాలు రెక్కలంత పొడవు, నిలబడినప్పుడు ఒంటి మీదుగా వెనక్కి పెట్టుకుంటుంది. నోటి భాగాలు నామమాత్రం, తిండి ఊసే లేదు. లార్వాగా తిన్న బూజే దానికి జీవితాంతం సరిపోవాలి.

తర్వాత వచ్చిన మగవి చిన్నవి, సన్నవి, మచ్చలు అంత తేటగా లేవు. లార్వా రంగు ఇసుక తిని రెక్కలకు రంగు వస్తుందా అని పక్కింటి పిల్లాడు అడిగాడు. రాదు. ఇసుక దాని ఒంట్లోకి పోనే పోదు.

పగలంతా ఇవి కదలకుండా పెట్టె గోడకు ఆనుకుని ఉంటాయి. ఎగరగలవు కానీ ఎగిరే ఉత్సాహం తక్కువ. ఇంట్లో వీటిని వెతకాలంటే దీపం చుట్టూ కాదు, గోడ అంచుల్లో, సాలెగూళ్ల మీద వెతకాలి. సాలీడు ఉన్న గూటి మీదే వాలి విశ్రాంతి తీసుకోవడం వీటి అలవాటు. సాలీడుకు ఎందుకు దొరకవో నాకు పెద్ద వింత.

గుడ్లు

ఆడదాన్నీ మగదాన్నీ ఒకే పెట్టెలో వదిలాను. నల్ల కాగితం ముక్కలు, కాస్త చెత్త, పగుళ్లున్న అట్ట పెట్టాను. గుడ్లు పగుళ్లలోనే పెట్టింది, చెత్తకు అంటించి. 0.4 మిల్లీమీటర్లు, మెత్తగా, లేత నీలి ఛాయలో. ఒక ఆడది వారం రోజుల్లో 200 దాకా పెట్టి చనిపోతుంది. నా పెట్టెలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టబోలేదు, అట్ట కదిపితే చితికిపోతాయి. పిల్లలు బయటపడడానికి పది రోజులపైనే పడుతుంది.

ఇక్కడే ప్రాజెక్టు రెండో భాగం మొదలవుతోంది. చిన్న లార్వా మొదటి గూడు కట్టే తీరు పెద్దవాటి తీరు కంటే వేరు. ముందు నేల మీద పట్టుతో ఒక కమాను వేసి, దాని రెండు కాళ్లనూ నేలకు అంటిస్తుంది. కమాను బయట అతి సన్నటి నలకలు పేరుస్తుంది, లోపల పట్టు మాత్రమే. దాన్ని పొడిగించి సొరంగంగా చేస్తుంది. ఆఖర్న అడుగు కూడా పట్టుతో మూసేసి నేల నుంచి విడిపించుకుని, అప్పుడు గొట్టాన్ని లాక్కుంటూ బయల్దేరుతుంది. అంటే పెద్ద గూటి నడుం మధ్యలో, అన్ని రంగుల కిందా, ఆ మొదటి కమాను తాలూకు నలకలు ఇంకా ఉండాలి. ఉన్నాయో లేవో చూడాలంటే మొదటి రోజు నుంచే రంగు ఇవ్వాలి.

నా రంగు ఇసుక ఆ పిల్లలకు మరీ పెద్దది. నీలం మళ్లీ నూరి, ఈసారి రెండు పొరల పట్టుగుడ్డలో జల్లిస్తున్నాను. పెద్ద పెట్టెలు పనికిరావు, చిన్న సీసాల మూతల్లో ఒక్కోదానికి చిటికెడు ఇసుక, చిటికెడు బూజు వేయాలి. తేమ కోసం మూతలన్నిటినీ ఒకే డబ్బాలో పెట్టి అడుగున తడి కాగితం పరుస్తాను. ఊలు దారం ఈసారి ఇవ్వడం లేదు, దాని పోగులు గూటికి అంటుకుని ఫోటోలు పాడుచేస్తున్నాయి. బూజు సీసా సగానికి తగ్గిపోయింది, మెట్ల కింద ఒక మూలను మాత్రం దులపొద్దని అమ్మను బతిమాలాను.